వచ్చేటోళ్ళ కుప్ప

మొన్న వేసవి సెలవుల్లో మా అబ్బాయి, వాడి స్నేహితులు హాల్లో దుప్పటి పరుచుకొని ఒక ఆట మొదలుపెట్టారు. ప్రపంచం అంతమైపోయిందట, మిగిలిన కొద్దిమందీ వీళ్ళేనట. ఒకడు డాక్టరు, ఒకడు మెకానిక్కు, ఒక అమ్మాయి వేటగత్తె, మావాడు వంటవాడు. రకరకాల ముఖాలున్న పాచికలు దుప్పటి నిండా దొర్లుతున్నాయి. ఆట మొదలవకముందే తగువు మొదలైంది. ఎవరు ఎంత ఆస్తితో ఆట మొదలుపెట్టాలన్నది తగువు. అందరికీ సమానంగా ఇవ్వాలని ఒకడు, పాచిక ఎంత పడితే అంతేనని ఇంకొకరు, డాక్టరుకు ఎక్కడైనా ఎక్కువే ఉంటుందని డాక్టరు. మావాడు విసుగెత్తి వంటింట్లోకి వచ్చి, "అమ్మా, లోకం మొత్తం పోయాక కూడా కొందరి దగ్గర ఎక్కువ, కొందరి దగ్గర తక్కువ ఉంటుందా?" అని అడిగాడు. "పోయే ముందు ఎట్లా ఉండిందో పోయాక కూడా అట్లాగే ఉంటుంది నాయనా" అన్నాను. అన్నానే గానీ, పోపు మాడిన వాసన వచ్చేదాకా పొయ్యి ముందు అలాగే నిలబడిపోయాను. ఈ తగువు నాకు కొత్త కాదు. బాన్సువాడలో, మా వడ్ల అర్రలో, పచ్చీసు గవ్వలు చేతిలో పట్టుకొని నేనూ పెట్టుకున్నదే.

మా ఇల్లు ఊరి చివర, నిజాంసాగర్ కాలువ కింది పొలాల వైపు ముఖం పెట్టి ఉండేది. తాత కాలం నుంచి వరి, చెరుకు మా బతుకు. ఇంట్లో తాత, మా బాపు, అమ్మ, చిన్నాయిన కుటుంబం, ఇంకా మా మేనత్త రాజవ్వ. తాత ముగ్గురు పిల్లల్లో బాపు పెద్దవాడు, చిన్నాయిన నడిమివాడు, అత్త అందరికన్నా చిన్నది. పెద్ద కొడప్‌గల్‌లో ఇచ్చారట. పెళ్ళయిన ఏడాదికే మామ పాము కరిచి పోతే, కట్టుబట్టలతో తిరిగి వచ్చింది. అప్పటికి నేను పుట్టనేలేదు. నాకు తెలిసిన అత్త తెల్లవారకముందే లేచి పేడ ఎత్తేది, బర్లను పిండేది, ఇంటిల్లిపాదికీ వండేది, అందరూ తిన్నాక అడుగున మిగిలినది తినేది. ఆమె చీర కొంగులో ఎప్పుడూ పొగ వాసన, పాల వాసన కలిసి ఉండేవి. పడుకునేది వడ్ల అర్రలో, వడ్లు పోసే వెదురు గుమ్ముల మధ్య సందులో. పురుగు పట్టకుండా వడ్లలో వేసిన ఎండు వేపాకు వాసన ఆ గదిలో ఎంత ఘాటుగా ఉండేదంటే, ఇవాళ్టికీ ఎక్కడైనా ఎండిన వేపాకు నలిగితే నాకు ముందు అత్త గుర్తొస్తుంది. ఆ ఇంట్లో నాకు ఒక పెట్టె ఉండేది, చిన్నాయిన కొడుకు రవికి ఒక సైకిలు ఉండేది, తాతకు చుట్టల డబ్బా ఉండేది. అత్తకు ఏముండేదో ఎంత ఆలోచించినా తోచదు. ఆమె చీరలు ఆరేసే దండెం కూడా మా అమ్మదే.

ఆ ఎండాకాలం మా మేనమామ కొడుకు సుధాకర్ బావ హైదరాబాదు హాస్టల్లో కామెర్లు తెచ్చుకొని మా ఇంటికి వచ్చాడు. మా దగ్గర ఆకు పసరు పోసే మనిషి ఉండేవాడు. పసరు పోయించుకొని, ఉప్పూ కారం లేని పెరుగన్నం తింటూ, ఎండలోకి పోకుండా నెలన్నర ఉండాలన్నారు. ఇంజనీరింగు చదివే మనిషి, నెలన్నర నీడపట్టున కూర్చొని ఏం చేస్తాడు? మధ్యాహ్నం కరెంటు పోగానే ఇంట్లో కాస్త చల్లగా ఉండేది వడ్ల అర్ర ఒక్కటే. అక్కడ గుమ్మికి వీపు ఆనించి కూర్చొని, హాస్టల్లో ఎవరో తెచ్చిన ఇంగ్లీషు పుస్తకంలోని ఆట మాకు చెప్పాడు. మాకు అంటే నాకు, రవికి, కాలువ అవతలి క్యాంపు నుంచి వచ్చే నా తరగతి స్నేహితురాలు పద్మకు. పద్మ వాళ్ళు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొనుక్కున్న రైతులు. ఆ రోజుల్లో ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు లోకం మునిగిపోతుందని చెబుతూనే ఉండేవారు గనుక, మునిగిపోయాక ఏం జరుగుతుందన్న ఆట మాకు వింతగా అనిపించలేదు. బావ కళ్ళు మూసుకొని, గొంతు తగ్గించి చెప్పేవాడు.

"సాగర్ కట్ట తెగింది. బాన్సువాడ లేదు, నస్రుల్లాబాద్ లేదు, బోధన్ లేదు. గుట్ట మీదికి ఎక్కినోళ్ళే మిగిలిండ్రు. మీరు ముగ్గురు మిగిలిండ్రు. ఇగ చెప్పుండ్రి, మీ చేతుల ఏమున్నది?"

అక్కడే ఆగింది ఆట. పుస్తకంలో అయితే పాచికలు వేసి, పడిన దాన్ని హెచ్చవేసి, అన్ని నాణేలు నీవని చెప్పేస్తారట. పక్కనే చాటలో బియ్యం చెరుగుతున్న అత్త తల ఎత్తకుండానే, "లోకమే మునిగినంక పైసలెందుకు బిడ్డా? పొయ్యిల వెట్టుకుంటరా?" అంది. బావ నవ్వి నాణేలు తీసేశాడు. వాటి బదులు వస్తువులు వచ్చాయి. చింతగింజలు విత్తనాలు, అగ్గిపుల్లలు నిప్పు, ఉప్పురాళ్ళు ఉప్పే, పురికొస ముక్క తాడు, సీసా మూత కుండ. బర్రెకు ఒక మక్క గింజ. భూమిని సుద్దముక్కతో నేలమీద గీశాం. పాచికల బదులు పచ్చీసు గవ్వలు. రవికి మొదటి ఏటుకే పచ్చీసు, అంటే ఇరవై అయిదు, పడి సగం లోకం వాడిదైపోయింది. పద్మకు రెండు పడ్డాయి. ఒక ఉప్పురాయి, ఒక అగ్గిపుల్ల వచ్చాయి.

"ఇదేం న్యాయమండీ? గవ్వ బోర్లా పడితే నేను చచ్చిపోవాలా?" అని పద్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"మల్ల లోకమంటె గట్లనే ఉంటది" అన్నాడు రవి, గింజలన్నీ చొక్కా జేబులో పోసుకుంటూ.

మర్నాడు ఎవరింట్లో నిజంగా ఏముందో అదే ఆటలోనూ ఉండాలన్నాం. అదీ కుదరలేదు. రవి వెంటనే ట్రాక్టరు తనదన్నాడు, నేను కాదు మాదన్నాను, బాపు ట్రాక్టరా చిన్నాయిన ట్రాక్టరా అని మేమిద్దరం ఒకరి జుట్టు ఒకరం పట్టుకున్నాం. అవి ఇంట్లో పెద్దవాళ్ళ మధ్య కూడా ఆ మాటే గొంతు దాకా వచ్చి ఆగుతున్న రోజులు. చిన్నాయిన బస్టాండు దగ్గర ఎరువుల దుకాణం పెడతానంటున్నాడు, బాపు వద్దంటున్నాడు, రెండు వంటిళ్ళ మాట అప్పుడప్పుడు వినిపిస్తోంది. మా అరుపులకు వాకిట్లో మంచం మీద పడుకున్న తాత లేచి, చుట్ట ఆర్పి, గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఎవరేం చెప్పినా "ఫికర్ జెయ్యకు" అనేవాడు, అంతే. ఆ రోజు మాత్రం మాకు ఆస్తి పంచడం నేర్పాడు.

"పెద్దోడు పంచాలె, చిన్నోడు ఏరుకోవాలె. మా అయ్య గట్లనే పంచిండు. పంచేటోడు ఆఖరుకు తీసుకుంటడు. ఇగ జూడు, కుప్పలు ఎంత సమానంగ వస్తయో."

నిజంగానే వచ్చాయి. ముగ్గురిలో నేను పెద్దదాన్ని గనుక నేను కుప్పలు పెట్టాలి. ఏ కుప్ప నాకు మిగులుతుందో తెలియదు గనుక ఒక్కొక్క చింతగింజను అటు పెట్టి ఇటు పెట్టి, ఉప్పురాయిని రెండు ముక్కలు చేసి, చెమటలు కక్కాను. రవి ముందు ఏరుకున్నాడు, తర్వాత పద్మ, చివరికి నేను. ఎవరూ ఏడవలేదు. బావ మెచ్చుకోలుగా తల ఊపి ఆట మొదలుపెట్టబోయాడు. అప్పుడు పద్మ ఆపింది. "మరి తర్వాత వచ్చేవాళ్ళకో?" అంది. ఎవరొస్తారని రవి అడిగాడు. "ఎవరో ఒకరు వస్తారుగా. మేం రాలేదూ? మా తాతగారు వచ్చేసరికి కాలవ కింద మంచి నేలంతా ఎవరిది వాళ్ళది అయిపోయిందంట. మిగిలింది కొనుక్కుని, రాళ్ళేరుకుని, మడి చేసుకున్నారు. గుట్ట మీదకి రేపు ఇంకొకళ్ళు ఈదుకుంటూ వస్తే, అయిపోయింది పొమ్మంటామా?" రవి మొహం చిట్లించాడు. బావ మాత్రం, "ఇంకో కుప్ప వెట్టు సుజాతా" అన్నాడు. అట్లా నాలుగో కుప్ప వచ్చింది. దానికి రవే పేరు పెట్టాడు, వెక్కిరింపుగా: వచ్చేటోళ్ళ కుప్ప. ఏ పుస్తకంలోనూ లేని ఆ నియమం మా ఆటలో అలా చేరింది. ఆ కుప్పను గుమ్మి పక్కన, ఎవరి కాలూ తగలని చోట ఉంచాం.

రెండు మూడు మధ్యాహ్నాలు అది అలాగే ఉంది. ఒకరోజు మేము గుట్ట మీద ఆకలితో అలమటిస్తుంటే, ఉన్నట్టుండి అత్త చాట పక్కన పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. "ఆ కుప్ప ఎవలన్న తీసుకుండ్రా?" అని అడిగింది. లేదన్నాం. "అయితె నేనొస్తున్న. తలుపు చెక్క వట్టుకొని ఈదుకుంట వచ్చిన" అంది. రవి పకపకా నవ్వాడు. బావ నవ్వలేదు. కళ్ళు మూసుకొని, అందరినీ అడిగినట్టే అడిగాడు. "ఎవలు నువ్వు? ఏం పని చేస్తవు?" అత్త కాస్త తడబడింది. "ఎవల్ని గాను. ఒక్కదాన్ని" అంది. కుప్పను రెండు చేతులతో తన ముందుకు లాక్కొని, గింజలు ఒకపక్క, పుల్లలు ఒకపక్క సర్దుకొని, మళ్ళీ కలిపి, మళ్ళీ సర్దుకుంది. ఆ సంబరం చూసి అప్పుడు మాకు నవ్వొచ్చింది. 

ఆ తర్వాత అత్త మధ్యాహ్నపు గిన్నెలు తోమడం సాయంత్రానికి వాయిదా వేసి మరీ ఆటకు వచ్చేది. మా అమ్మ, "పిల్లలతోని పిల్లవైనవా రాజవ్వా" అని సణిగేది. అత్త ఆడిన ఆట పిల్లల ఆట కాదు. ఒక్క గింజ వృథా చేసేది కాదు. నిప్పు మా అందరిదీ అయిపోయాక కూడా ఆమె దగ్గర ఉండేది. అయినా ఒకరోజు బావ గుట్ట మీదికి జ్వరం తెచ్చి అందరినీ చంపేశాడు. ఆట మళ్ళీ మొదలైంది, మళ్ళీ కుప్పలు. ఈసారి అత్త కూడా పంపకంలో ఉంది. చిన్నవాడు రవి గనుక ముందు వాడు చేయి చాచాడు. పద్మ వాడి చేతిని పట్టుకుంది. "అందరికన్నా వెనక వచ్చినవాళ్ళే చిన్నవాళ్ళు. అత్తగారే ముందు తీసుకోవాలి" అంది. బావ ఒప్పుకున్నాడు.

అత్త కుప్పల ముందు కూర్చుంది. ఒకదాని మీద చేయి పెట్టబోయి తీసేసింది. ఇంకోదాని వైపు చూసింది. మా ముఖాలు చూసింది. మేము తొందరపెట్టాం. బయట బర్రె అరిచింది. ఆమె అలాగే కూర్చుంది. చివరికి చిన్నగా, "మీరు తీసుకోండ్రి బిడ్డా. మిగిలింది నాకియ్యిండ్రి" అంది. బావ ఊరుకోలేదు. "అడగందే అమ్మయినా పెట్టదంటరు చిన్నమ్మా. నోరు దెరిచి చెప్పు. నీకేం గావాలె?" అన్నాడు. అత్త కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాకేం గావాల్నో నన్నెవలు అడిగిండ్రు బిడ్డా ఇన్నేండ్లు? అలవాటు లేదు."

ఆ రోజు ఆమె కుప్పను రవి ఏరి ఇచ్చాడు. వెక్కిరించకుండా, ఉన్నవాటిలో మంచిది చూసి మరీ ఇచ్చాడు. తొమ్మిదేళ్ళవాడికి ఏం అర్థమయిందో తెలియదు గానీ, వాడు చేసిన ఆ పనికి ఈ రోజుకీ వాడంటే నాకు ప్రేమ.

బావ కామెర్లు తగ్గి వెళ్ళిపోయాక, వానలు పడకముందే మా ఇల్లు వేరుపడింది. పెద్దమనుషులు వాకిట్లో కూర్చున్నారు. మా దగ్గర భూములు పంచుకునేటప్పుడు ప్రతి మడి నుంచి పిడికెడు మట్టి తెచ్చి కుప్పలు పెట్టే పద్ధతి ఉండేది. కాగితాలు తర్వాత, ముందు మట్టి. బాపు తెల్లవారుజామునే పోయి, తువ్వాలలో మట్టి గడ్డలు కట్టుకొని వచ్చాడు. ముందుగా తాత పాలు, అంటే ఆయన వాటా, పక్కకు తీశారు. తూము కింది మడి, గుట్ట పక్క మెట్ట చెలక, రెండు బర్లు, వడ్ల అర్ర, దాని వెనక కొట్టం. ముసలివాళ్ళ పాలు వాళ్ళు ఎవరి దగ్గర ఉండి తింటే వాళ్ళు సాగు చేసుకోవాలి, అది రివాజు. తాత పెద్దకొడుకు దగ్గరే ఉంటాడని అందరూ అనుకున్నారు. అందులోని తూము మడి అంటే ఆ చుట్టుపక్కల పేరున్న భూమి. కాలువ నీళ్ళు వదిలితే ముందు తడిసేది అదే, కాలువ కట్టేశాక చివరికి ఎండేదీ అదే. మిగిలినదాన్ని బాపు రెండు కుప్పలు చేశాడు, చిన్నాయిన ఏరుకున్నాడు. అంతా మర్యాదగా జరిగిపోయింది. చివర్లో ఒక పెద్దమనిషి అత్త సంగతి ఎత్తాడు. ఆర్నెల్లు పెద్దోనింట్లో, ఆర్నెల్లు చిన్నోనింట్లో ఉంటుందని తేల్చారు. వంతుల నీళ్ళు తేల్చినంత సులువుగా తేల్చారు.

తలుపు చాటున నిలబడ్డ అత్త ఒక అడుగు ముందుకు వచ్చింది. 

"వచ్చేటోళ్ళ కుప్ప ఏదన్నా?"

ఎవరికీ అర్థం కాలేదు. పిల్లలం మాత్రం బిగుసుకుపోయాం. పెద్దమనిషి అదేమిటని అడిగితే, రవి ముందుకు ఉరికి, ఆటంతా, నియమమంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేశాడు. వాకిలి నవ్వింది. "పోరగాండ్ల ఆటలు పంచాయితీల వెడితివా చెల్లె" అన్నాడు చిన్నాయిన. బాపు నవ్వలేదు. ముఖం ఎర్రబడింది. "నీకేం తక్కువ జేసినం రాజీ? తిండి వెట్టలేదా, బట్ట వెట్టలేదా? పది మందిల ఇజ్జత్ తీస్తవా?" అన్నాడు. అత్త మళ్ళీ తలుపు వెనక్కి వెళ్ళిపోయింది. తాత మంచం మీద కూర్చొని చుట్ట కాలుస్తూనే ఉన్నాడు. నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది.

మర్నాడు పొద్దున అమ్మ ఇత్తడి పళ్ళెంలో రొట్టె పెట్టుకొని తాత మంచం దగ్గరికి వెళ్ళింది. తాత పళ్ళెం ముట్టలేదు. "నేను రాజి కాడ తింట" అన్నాడు. అమ్మ చేతిలో పళ్ళెం అలాగే ఉండిపోయింది. బాపు పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరు కొడుకులు బతికుండగా తండ్రి బిడ్డ చేతి కూడు తింటే ఊళ్ళో తలెలా ఎత్తుకోవాలన్నాడు. తాత నింపాదిగా చుట్ట వెలిగించుకున్నాడు.

"ఇన్నేండ్ల సంది ఎవలి చేతి కూడు తింటున్నవురా నువ్వు? ఆమె వండిందే కద అందరం తింటున్నం. ఇయ్యాల నాకు ఒక్కనికి వండుతది, గంతే ఫరక్."

అట్లా తాతతోపాటు తాత పాలు కూడా అత్త సాగులోకి వెళ్ళింది. వడ్ల అర్ర వెనక కొట్టంలో మూడో పొయ్యి వెలిగింది. ఒక ఇంటి మీద మూడు పొగలు లేవడం చూసి ఊరు ముక్కున వేలేసుకుంది. అత్త మొదటిసారిగా తన కోసం ఒక కుండ, ఒక చిప్ప, ఒక ఉప్పు జాడీ కొనుక్కుంది. నాట్లకు తనే దిగేది, కూలీలతో సమానంగా వంగేది. మద్నూర్ వైపు నుంచి వచ్చిన మరాఠీ ఆడవాళ్ళు కూడా ఆమె మడిలో పనంటే ముందుగా వచ్చేవారు, అన్నం వాళ్ళతో కలిసి కూర్చొని తినేదని. ఇదంతా చూసి నేను మురిసిపోయేదాన్ని. కానీ ఇంట్లో దానికి పెద్ద ధర కట్టవలసి వచ్చింది. బాపు ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఒకే వాకిలి, ఒకే బావి, రోజుకు పదిసార్లు ఎదురుపడతారు. "కాలువకు నీళ్ళిడిసిండ్రని మీ అత్తకు చెప్పు" అని నాతో అనేవాడు, ఆమె అక్కడే నిలబడి వింటూండగా. "విన్ననని మీ బాపుకు చెప్పు బిడ్డా" అనేది అత్త. నేను హైస్కూలు దాటి కాలేజీకి వచ్చాను, రవికి మీసాలొచ్చాయి, చిన్నాయిన దుకాణం పెద్దదయింది. ఆ మౌనం మాత్రం కదల్లేదు. దేనికీ లొంగని మా బాపు ఆ విషయంలో ఎంత బాధపడ్డాడో అప్పట్లో నాకు తెలియలేదు. పండగపూట అత్త పొయ్యి మీద గారెల వాసన వస్తే, ఆయన అన్నం ముందు కూర్చొని కలుపుతూనే ఉండేవాడు.

ఇప్పుడు చట్టం ఆడపిల్లకు సమాన వాటా ఇచ్చింది. మంచిదే. పంపకాలిప్పుడు ఆఫీసులో జరుగుతాయి, వేలిముద్ర యంత్రం మీద, కెమెరా ముందు. మట్టి తెచ్చే పని లేదు. అక్కచెల్లెళ్ళను కారులో తీసుకెళ్ళి, వద్దని సంతకం పెట్టించి, హోటల్లో బిర్యానీ తినిపించి, పట్టుచీర పెట్టి పంపించడం మా బంధువుల్లోనే ఎన్నిసార్లు చూశానో. వాళ్ళు నవ్వుతూనే సంతకం పెడతారు. వాళ్ళకు రాసి ఉన్న వాటా ఉంది, నీకేం కావాలని అడిగిన మనిషే లేడు. అప్పుడు మా అత్తకు చట్టమూ తెలియదు, రాతా తెలియదు. పగిలిన మక్క గింజలూ చింతగింజలూ ముందు పెట్టి, ఏం కావాలో చెప్పమని ఒక కామెర్ల పిల్లాడు అడిగాడు, అంతే. ఈ రెండిట్లో ఏది ఎక్కువో తూచడం నా వల్ల కాదు. కాలం ముందుకే పోయిందని ఒప్పుకుంటాను, మనసు మాత్రం ఆ వడ్ల అర్ర వైపే లాగుతుంది.

తాత ఒక చలికాలం, నాలుగు రోజులు దగ్గి, అత్త చేతి గంజి తాగి పోయాడు. ఆయన దినాలయ్యేదాకా బాపు కొట్టం ముందు, తాత మంచం మీదే పడుకున్నాడు. రెండో రోజు అత్త ఏమీ అనకుండా ఒక పళ్ళెం తెచ్చి మంచం పట్టె మీద పెట్టింది. బాపు కూడా ఏమీ అనకుండా తిన్నాడు. పళ్ళెం కడిగి బోర్లించాడు కూడా. మా అమ్మ కిటికీలోంచి అది చూసి నన్ను మోచేత్తో పొడిచింది.

దినాలు అయిన మర్నాడు మళ్ళీ పెద్దమనుషులు వచ్చారు. తాత పాలు తేల్చాలి. కాగితం మీద ఏమీ లేదు. ఆయన ఉన్నన్నాళ్ళే ఆ రివాజు, ఆయన పోయాక అది కొడుకులదే. చిన్నాయిన ఆ మాటే అన్నాడు. రెండు కుప్పలు చేద్దాం, అన్న పంచితే నేను ఏరుకుంటాను, చెల్లె ఎప్పటిలాగే మా ఇద్దరి దగ్గరా ఉంటుంది, అన్నాడు. న్యాయంగానే అన్నాడు, ఊరి న్యాయం అదే. అత్త తలుపు చాటున లేదు. కొట్టం గుమ్మంలో కూర్చొని ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆమె పెట్టుకున్న మూడో పొయ్యి ఆ రోజుతో ఆరిపోతుందని వాకిట్లో అందరికీ తెలుసు. నేను ఆ రోజుకు కాలేజీ మానేసి వచ్చి, చేయగలిగిందేమీ లేక గోడకు ఆనుకొని నిలబడ్డాను.

బాపు తువ్వాల తెచ్చి నేలమీద పరిచాడు. పొద్దున్నే పోయి మట్టి తెచ్చినట్టున్నాడు, కాళ్ళకు ఇంకా బురద ఉంది. తూము మడి నల్లమట్టి ఒకచోట పెట్టాడు. చెలక ఎర్రమట్టి ఒకచోట పెట్టాడు. చిన్నాయిన అయిపోయిందనుకొని ముందుకు వంగాడు. బాపు చేత్తో ఆపి, వడ్ల అర్ర, కొట్టం నేలల నుంచి గీరి తెచ్చిన మట్టి, దాని మీద బర్లను కట్టే పలుపు తాడు మూడోచోట పెట్టాడు. పెద్దమనుషుల్లో ఒకరు, "మూడెందుకు పటేలా?" అన్నారు. బాపు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని కష్టంగా లేచి, కొట్టం గుమ్మం వైపు తిరిగాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి, మధ్యలో మమ్మల్నెవరినీ పెట్టకుండా, ఆమెతో మాట్లాడాడు.

"చెల్లె, చిన్నదానివి నువ్వు. ముందు నువ్వు ఏరుకోవాలె. రా."

 అత్త లేచింది. కొట్టమూ బర్లూ తీసుకుంటుందని అందరూ అనుకున్నారు. ఆమె ఇల్లు అదే, ఆమె పని అదే. నేను కూడా అదే అనుకున్నాను. ఆమె తువ్వాల దాకా వచ్చింది, వంగింది, ఒక్క క్షణం కూడా ఆగకుండా నల్లమట్టి గడ్డను అందుకొని కొంగులో ముడి వేసుకుంది.

చిన్నాయిన ముఖం వాడిపోయింది. "గా మడి నీకెందుకే చెల్లె? గంత చాకిరి ఏం జేస్తవు? బర్లు తీసుకోరాదు, కూసుండి బతుకుతవు" అన్నాడు.

"పెద్దన్న ఏరుకోమన్నడు" అంది అత్త. "ఏరుకున్న."

బాపు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత చిన్నాయిన వైపు తిరిగి, "ఇగ నువ్వు" అన్నాడు.